శిశువుల పాలపొడి కొరత

తల్లిపాలు లభింపని లేక చాలని శిశువులకై పారిశ్రామికముగా తయారుచేయబడు క్షీరాహారము, పొడిరూపమున గాని ద్రవరూపమున గాని, అవసరమునకు తగినంత విపణిలో దొరకని స్థితికి శిశువుల పాలపొడి కొరత యని పేరు. ఇతరాహారముల కొరతకును దీనికిని ఒక మౌలికభేదము కలదు. బియ్యము దొరకనినాడు పెద్దలు జొన్నలతోనో రాగులతోనో కాలము గడుపుకొనగలరు. ఆరునెలలు నిండని శిశువునకు మాత్రము తల్లిపాలు, శాస్త్రీయముగా కూర్చిన పాలపొడి అను రెండింటికి మించి యోగ్యమైన ఆహారము లేదు. కావున కొలదిదినముల కొరతయైనను ప్రాణాపాయమునకు దారితీయవచ్చును. ఈ వ్యాసమున పాలపొడి స్వరూపము, చరిత్ర, కొరతల రకములు సంగ్రహముగా చెప్పబడి, 2022లో అమెరికా సంయుక్తరాష్ట్రములందు సంభవించిన కొరత ప్రధానోదాహరణముగా వివరింపబడినది.

పరిభాష

తెలుగునాట తల్లి రొమ్మున శిశువు కుడుచు పాలను చనుబాలు, తల్లిపాలు, స్తన్యము అనియు, ఉగ్గుగిన్నెతోనో సీసాతోనో పట్టెడు ఇతరపాలను పోతపాలు అనియు వ్యవహరింతురు. పోతపాలలో పూర్వము ఆవుపాలు, మేకపాలు ముఖ్యములు. డబ్బాలలో అమ్ముడగు పొడిని కాచిన నీట కలిపి పట్టు పాలకు వాడుకలో డబ్బాపాలు అని పేరు. ఈ వ్యాసమున పాలపొడి యనగా ఒక సంవత్సరములోపు శిశువులకై శాసనప్రమాణముల ననుసరించి తయారుచేయబడిన ఈ పొడియే కాని, పెద్దలు కాఫీ, తేనీటియందు వాడుకొను సామాన్యక్షీరచూర్ణము కాదు.

స్వరూపము – తయారీ

అధికభాగము శిశుపాలపొడికి మూలద్రవ్యము వెన్నతీసిన ఆవుపాలు. ఆవుపాలలో మాంసకృత్తులును లవణములును దూడ పెరుగుదలకు తగినంత అధికముగా నుండుటచే, వానిని యథాతథముగా పట్టినచో పసిబిడ్డ మూత్రపిండములపై భారము పడును. అందుచే ఆ పాళ్లను తగ్గించి, విరుగుడుతేటనుండి గ్రహించిన మాంసకృత్తులను, పాలచక్కెరను, వృక్షజతైలములను, విటమినులను, ఖనిజములను చేర్చి, ఆ మిశ్రమమును తల్లిపాల సంఘటనకు సాధ్యమైనంత సమీపమునకు తెచ్చెదరు. అమెరికా నిబంధనల ప్రకారము ప్రతి పాలపొడియందును 30 పోషకములు నిర్ణీతమైన కనిష్ఠప్రమాణములలో ఉండవలెను. ఈ మిశ్రమమును వేడిచేసి, వేడిగాలి వీచు ఎత్తైన గదులలోనికి సన్నని తుంపరలుగా చిమ్మి ఎండబెట్టగా పొడి లభించును.

రకములను బట్టి చూడగా, ఆవుపాల మూలమైనవి, సోయాచిక్కుడు మూలమైనవి, పాల మాంసకృత్తులు సరిపడని బిడ్డలకై వానిని సూక్ష్మభాగములుగా విడగొట్టి చేసినవి, కేవలము ఎమైనో ఆమ్లములతో కూర్చినవి, ఫినైల్‌కీటోనూరియా వంటి జన్మతః సంక్రమించు జీవక్రియాదోషములు గల బిడ్డలకై ప్రత్యేకముగా చేసినవి కలవు. కడపటి రెండు రకములను వాడువారు కొలదిమందియే. తయారుచేయు కర్మాగారములును కొలదియే. ఒక రకము దొరకనిచో మరియొకదానిని వాడు సౌలభ్యము ఆ బిడ్డల తల్లిదండ్రులకు ఉండదు.

డబ్బాలో ముద్రింపబడిన ద్రవరూపక్షీరము సూక్ష్మజీవిరహితము. పొడి అట్టిది కాదు. క్రోనోబాక్టర్ సకజాకీ అను సూక్ష్మజీవి పొడివాతావరణమున చిరకాలము జీవింపగలదు. దీనిచే కలుగు వ్యాధి అరుదైనదే యైనను, రెండునెలలలోపు శిశువులందును, నెలలు నిండక పుట్టినవారియందును రక్తమును విషపూరితము చేసి, మెదడుపొరలకు వాపు కలిగించి ప్రాణములు తీయగలదు. ఈ కారణముచేతనే 70 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గని వేడినీట పొడిని కలిపి, చల్లార్చి పట్టవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచించినది.

చరిత్ర

పందొమ్మిదవ శతాబ్ది మధ్యమువరకు తల్లిపాలు లేని శిశువునకు పాలిచ్చు దాది దొరకుటయో, పశువుల పాలతో కాలము గడచుటయో తప్ప గత్యంతరము లేకుండెను. 1860 తరువాతి దశకమున జర్మనీ రసాయనశాస్త్రజ్ఞుడు యూస్టస్ ఫాన్ లీబిగ్ గోధుమపిండి, మొలకధాన్యపుపిండి, పొటాసియమ్ బైకార్బొనేట్, ఆవుపాలు చేర్చి ఒక శిశ్వాహారమును రూపొందించెను. 1867లో స్విట్జర్లండునందలి వెవే పట్టణమున హెన్రీ నెస్లే పాలు, గోధుమపిండి, చక్కెరలతో చేసిన ఆహారమును విక్రయింప నారంభించెను. ఇరువదవ శతాబ్ది తృతీయదశకమున అమెరికాలో సిమిలాక్ వంటి, తల్లిపాలను పోలు మిశ్రమములు వెలువడెను.

1970 తరువాత రెండు పరిణామములు ఈ పరిశ్రమ గతిని మార్చినవి. బీదదేశములందు పాలపొడిని విచ్చలవిడిగా ప్రచారము చేయుటచే, కలుషితమైన నీటితో కలిపిన పాలు త్రాగి శిశువులు మరణించుచున్నారను విమర్శ బయలుదేరి, 1977లో నెస్లే సరుకుల బహిష్కారోద్యమమునకును, 1981లో తల్లిపాల ప్రత్యామ్నాయముల విక్రయమునుగూర్చి ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆమోదించిన అంతర్జాతీయ నియమావళికిని దారితీసెను. అమెరికాలో 1978–79 నాటి సోయాపాలపొడి రెండు రకములందు క్లోరైడు లోపించి అనేకశిశువులు రోగగ్రస్తులు కాగా, 1980లో శిశ్వాహారశాసనము చేయబడెను. పోషకముల ప్రమాణములను నిర్ణయించిన ఈ శాసనమే ఆ దేశమున పాలపొడి నాణ్యతకు పునాది. కాలక్రమమున నూతనసంస్థల ప్రవేశమును దుష్కరము చేసిన కారణములలోను దీని నియమములు ఒకటియని పెక్కురు విశ్లేషకుల అభిప్రాయము.

కొరతల రకములు

మూలకారణమును బట్టి పాలపొడి కొరతలను నాలుగు విధములుగా విభజింపవచ్చును. మొదటిది ఉత్పత్తిభంగమువలన కలుగునది: అగ్ని, వరద, యంత్రదోషము, ముడిసరకు లోపము దీనికి హేతువులు. రెండవది కల్తీచేతనో కాలుష్యముచేతనో సరకును విపణినుండి వెనుకకు రప్పించుటవలన కలుగునది. 2017 డిసెంబరులో ఫ్రాన్సునందలి క్రాఁ పట్టణపు లాక్టాలిస్ కర్మాగారమున సాల్మొనెల్లా సూక్ష్మజీవి కనబడుటచే, 80కి పైగా దేశములనుండి కోటికి మించిన డబ్బాలను వెనుకకు తీసికొనవలసివచ్చెను.

మూడవది విశ్వాసలోపమువలన గిరాకి ఒకచోటనుండి మరియొకచోటికి తరలుటచే కలుగునది. 2008లో చైనాలో మెలమైన్ అను రసాయనము కలిసిన పాలపొడివలన సుమారు 3 లక్షలమంది పిల్లలు రుగ్మతల పాలై, ఆరుగురు శిశువులు మరణించిరి. స్వదేశపు సరకుపై నమ్మకము సడలిన చైనా తల్లిదండ్రులు హాంకాంగ్ నుండి డబ్బాలు కొనితెచ్చుకొన నారంభింపగా, అచ్చట స్థానికులకే కొరత ఏర్పడెను. తత్ఫలితముగా 2013 మార్చి 1 నుండి నగరము విడిచిపోవు ఒక్కొక్కరు 1.8 కిలోగ్రాములకు మించి పాలపొడిని వెంట గొనిపోరాదని హాంకాంగ్ ప్రభుత్వము నిర్బంధించెను. నాలుగవది యుద్ధములందును ప్రకృతివైపరీత్యములందును రవాణా స్తంభించుటచే కలుగునది.

అమెరికాలో 2022 నాటి కొరత – సంఘటనాక్రమము

2021 సెప్టెంబరు మొదలు 2022 ఆరంభమువరకు మినెసోటా, ఒహాయో, టెక్సాస్ రాష్ట్రములందు నలుగురు శిశువులకు క్రోనోబాక్టర్ వ్యాధి సోకినట్లును, వారిలో ఇరువురు మరణించినట్లును తెలియవచ్చెను. ఆ నలుగురును మిషిగన్ రాష్ట్రపు స్టర్జిస్ పట్టణమునందలి అబాట్ కర్మాగారమున తయారైన పాలపొడిని త్రాగినవారు. ఎఫ్.డి.ఏ. అని వ్యవహరింపబడు ఆహార–ఔషధ పాలనసంస్థ 2022 జనవరి 31న తనిఖీ నారంభించెను. కర్మాగారమున కొన్నిచోట్ల ఆ సూక్ష్మజీవి యుండుటయు, నీరు కారుటయు, పొడి ఎండబెట్టు యంత్రములందు పగుళ్లు ఏర్పడియుండుటయు తనిఖీదారులు గుర్తించిరి. ఫిబ్రవరి 17న అబాట్ సంస్థ సిమిలాక్, అలిమెంటమ్, ఎలికేర్ పేరులు గల, అచ్చట తయారైన పొడులను స్వచ్ఛందముగా వెనుకకు రప్పించి, ఉత్పత్తిని నిలిపివేసెను.

వ్యాధికి మూలము ఈ కర్మాగారమే యని నిశ్చయముగా ఋజువు కాలేదు. పరీక్షకు లభించిన ఇరువురు శిశువుల నమూనాలలోని సూక్ష్మజీవుల జన్యుక్రమము కర్మాగారమున దొరకినవానితో సరిపోలలేదు. తాము విక్రయించిన పొడికిని వ్యాధులకును సంబంధము స్థాపితము కాలేదని సంస్థ వాదింపగా, ఇతరశిశువుల నమూనాలు లేమిచే అట్టి సంబంధము లేదని కూడ తేల్చి చెప్పజాలమని ఎఫ్.డి.ఏ. అభిప్రాయపడెను. కర్మాగారపు పారిశుద్ధ్యము ప్రమాణములకు లోబడి యుండలేదను విషయము మాత్రము తనిఖీలో స్థిరపడెను.

కొరత క్రమముగా ముదిరెను. డేటాసెంబ్లీ అను విపణిగణాంకసంస్థ లెక్క ప్రకారము మే 8తో ముగిసిన వారమున దుకాణములందు ఉండవలసిన పాలపొడి రకములలో 43 శాతము లభ్యము కాకుండెను. ఆ మాసాంతమునకు ఈ లోటు ఇంకను పెరిగెను. ఈ గణన రకముల సంఖ్యను బట్టి చేయబడినది. అమ్మకముల పరిమాణమును ఆధారముగా గొన్న గణనలందు లోటు ఇంతకంటె తక్కువగా కనబడెను. కర్మాగారము జూన్ 4న తెరువబడి, పెనువానవలన వరదనీరు చొచ్చుటచే కొలదిదినములలోనే మరల మూతపడి, జూలై 1న పునఃప్రారంభమై, ఆగస్టు చివర సిమిలాక్ తయారీకి పూనుకొనెను.

కారణములు

కర్మాగారము మూతపడుట కొరతకు ప్రత్యక్షకారణము. ఒక కర్మాగారపు మూతచే ఒక మహాదేశము తల్లడిల్లుటకు హేతువులైనవి అంతకుముందు దశాబ్దములుగా పేరుకొనినవి. వానిలో ముఖ్యములు ఇవి.

విపణి కేంద్రీకరణము: అబాట్, మీడ్ జాన్సన్‌కు యజమానియైన రెకిట్, గెర్బర్‌కు యజమానియైన నెస్లే, దుకాణముల సొంతపేరులతో సరకు చేసియిచ్చు పెరిగో అను నాలుగుసంస్థల చేతిలో అమెరికా విపణిలో సుమారు 90 శాతము ఉండెను. అందు అబాట్ వాటా 40 శాతమునకు అటునిటు. స్టర్జిస్ కర్మాగార మొక్కటే దేశమునకు కావలసిన పాలపొడిలో సుమారు ఐదవవంతును, ప్రత్యేకరకములలో అంతకంటె పెద్దభాగమును సమకూర్చుచుండెను.

గుత్తఒప్పందములు: అల్పాదాయవర్గపు తల్లులకును శిశువులకును పోషకాహారము నిచ్చు విక్ పథకము 1972లో ప్రయోగరూపమున మొదలై, 1975లో స్థిరపడెను. దేశమున అమ్ముడగు పాలపొడిలో సుమారు సగము ఈ పథకము ద్వారమున కొనబడును. 1989 శాసనము ననుసరించి రాష్ట్రములు పోటీపద్ధతిని టెండరులు పిలిచి, అధికమైన తగ్గింపు నిచ్చు ఒకే సంస్థకు తమ రాష్ట్రపు విక్ వ్యాపారమంతయు ఒప్పగించును. దీనివలన ప్రభుత్వమునకు ఏటేట వందకోట్ల డాలర్లకు మించిన ఆదా చేకూరినది. అదే ధనముతో మరెందరో తల్లులు, శిశువులు పథకమున చేర్పబడిరి. మరియొకవైపు, ఒప్పందము పొందిన సంస్థ సరకే దుకాణపు అరలలో అగ్రస్థానము నాక్రమించుటచే చిన్నసంస్థలకు చోటు లేకపోయెను. సగముకంటె అధికసంఖ్యాకములైన రాష్ట్రములు అబాట్‌తో ఒప్పందము చేసికొనియుండుటచే, ఆ రాష్ట్రములందలి పేదతల్లులకు విక్ ద్వారమున పాలపొడి పొందుట కష్టమయ్యెను.

దిగుమతులకు ప్రతిబంధకములు: అమెరికాలో వాడబడు శిశుపాలపొడిలో సుమారు 98 శాతము స్వదేశమునందే తయారైనది. విదేశపు సరకుపై 17.5 శాతము వరకు సుంకము, దానిపై పరిమాణమును బట్టి అదనపు సుంకము ఉండెను. 2020 జూలైలో అమలులోనికి వచ్చిన అమెరికా–మెక్సికో–కెనడా ఒప్పందము, కెనడానుండి ఎగుమతియగు పాలపొడి నిర్ణీతపరిమాణమును మించినచో కెనడాయే రుసుము విధింపవలెనని నిబంధించెను. సుంకముకంటెను బలమైన అడ్డంకి నమోదునియమములు. ఐరోపా ప్రమాణములను చక్కగా తీర్చు పాలపొడియైనను, అమెరికా నియమముల ప్రకారము ముందుగా తెలియజేసి, పరిశీలనకు లోబడి, డబ్బాపై పట్టీ మార్చుకొననిదే విక్రయింపబడుటకు వీలులేకుండెను.

పర్యవేక్షణలో జాప్యము: స్టర్జిస్ కర్మాగారపు లోపములనుగూర్చి ఒక మాజీ ఉద్యోగి 2021 అక్టోబరులో ఎఫ్.డి.ఏ.కు 34 పుటల నివేదిక పంపెను. అది టపావిభాగమున చిక్కుకొని పై అధికారులకు నెలల తరబడి చేరలేదు. ఆ ఉద్యోగిని ప్రశ్నించుట డిసెంబరులోను, తనిఖీ జనవరి చివరను జరిగెను. ఆ నాటికి క్రోనోబాక్టర్ వ్యాధిని ప్రభుత్వమునకు తెలియజేయవలెనను నిర్బంధము మినెసోటా రాష్ట్రమునందు మాత్రమే యుండుటచే, వ్యాధుల నిజసంఖ్య తెలియుటకును అవకాశము తక్కువయ్యెను.

గిరాకి ఒడుదొడుకులు: 2020లో కోవిడ్ భయముచే తల్లిదండ్రులు పాలపొడిని ముందుగా కొని నిలువచేయగా, తరువాతి మాసములలో గిరాకి తగ్గి, సంస్థలు ఉత్పత్తిని తగ్గించెను. 2021లో జననములు స్వల్పముగా పెరిగెను. రవాణా, కార్మికుల కొరత తోడయ్యెను. సరకు వెనుకకు పిలిపింపబడిన పిదప కలిగిన భయముచే జరిగిన అధికపుకొనుగోళ్లు లోటును మరింత పెంచెను.

పర్యవసానములు

తల్లిదండ్రులు ఊరూరు తిరిగి దుకాణములు వెదకుటయు, దుకాణములవారు మనిషికి ఇన్ని డబ్బాలని పరిమితి విధించుటయు సర్వసామాన్యములయ్యెను. కారు లేని కుటుంబములును, విక్ పథకముపై ఆధారపడిన కుటుంబములును, పల్లెలలో నివసించువారును అధికముగా నష్టపడిరి. టెనెసీ రాష్ట్రపు మెంఫిస్ నగరమున ప్రత్యేకపు పాలపొడి దొరకక ఇరువురు పిల్లలు ఆసుపత్రిలో చేర్పబడిరి.

పొడి ఎక్కువదినములు వచ్చుటకై అధికజలము కలుపుట, ఇంట స్వయముగా మిశ్రమములు చేసికొనుట వంటి అపాయకరములైన పనులకు కొందరు పూనుకొనిరి. అధికజలముచే శిశువు రక్తమున సోడియమ్ తగ్గి మూర్ఛలు రావచ్చును. గృహమిశ్రమములందు కాల్షియమ్ వంటి పోషకములు లోపింపవచ్చును. కావున అమెరికా శిశువైద్యుల సంఘము ఈ రెండింటిని నిషేధించి, సామాన్యపు పాలపొడి త్రాగు బిడ్డకు ఒక పేరు గల డబ్బాకు బదులు మరియొక పేరు గలదానిని నిస్సంకోచముగా వాడవచ్చుననియు, ఆరునెలలు దాటిన బిడ్డకు మరేదియు దొరకనిచో కొలదిదినములు ఆవుపాలు పట్టవచ్చుననియు ఉపదేశించెను.

తల్లిపాలు పట్టిన చాలదా యను ప్రశ్న ఆ దినములలో బహుళముగా వినబడెను. ఆ దేశమున ఐదింట నాలుగువంతులకు మించిన శిశువులకు పుట్టిననాడు తల్లిపాలు లభించుచుండగా, ఆరునెలలవరకు కేవలము తల్లిపాలతో పెరుగువారు సుమారు నాలుగవవంతు మాత్రమే. 1993 నాటి సంయుక్తరాష్ట్ర శాసనము ప్రసవించిన తల్లికి 12 వారముల సెలవునే, అదియు జీతము లేకుండ, కల్పించుచున్నది. ఒకసారి ఇంకిన పాలు తలచినంతనే తిరిగి రావు. రోగములు, ఔషధములు, దత్తత మొదలగు కారణములచే చనుబాలకు అవకాశమే లేని శిశువులును కలరు. కావున తల్లిపాల ప్రోత్సాహము దీర్ఘకాలోపాయమేకాని, తటస్థించిన కొరతకు తక్షణచికిత్స కాజాలదు.

నివారణచర్యలు

మే 16న న్యాయస్థానము ద్వారమున అబాట్‌కును ప్రభుత్వమునకును ఒడంబడిక కుదిరి, కర్మాగారపు పునఃప్రారంభమునకు షరతులు నిర్ణయింపబడెను. అదేదినమున ఎఫ్.డి.ఏ. విదేశీయసంస్థల దరఖాస్తులను సడలించిన నియమములతో పరిశీలింతునని ప్రకటించెను. అంతకుముందే, ప్రత్యామ్నాయము లేని రోగపీడితశిశువులకై స్టర్జిస్‌లో నిలిచియున్న ప్రత్యేకపు పొడులను, అపాయమును వివరించి, వైద్యుల సలహాపై విడుదల చేయుటకు అనుమతించెను. ఒకే సంవత్సరమున భద్రతకై సరకును ఆపుటయు, ప్రాణరక్షణకై దానినే విడుచుటయు సంభవించినది.

మే 18న అధ్యక్షుడు జో బైడెన్ రక్షణోత్పత్తిశాసనమును ప్రయోగించి, ముడిసరకులు పాలపొడి సంస్థలకే ప్రథమముగా అందవలెనని ఆదేశించెను. ఫ్లై ఫార్ములా అను పేరుతో విమానములద్వారా దిగుమతి ప్రారంభమై, మే 22న జర్మనీలోని రామ్‌స్టైన్ స్థావరమునుండి సైనికవిమాన మొకటి సుమారు 35 టన్నుల ప్రత్యేకపు పాలపొడితో ఇండియానాపొలిస్ చేరెను. తరువాత ఆస్ట్రేలియా, బ్రిటన్ మొదలగు దేశములనుండియు సరకు వచ్చెను. మే 21న సంతకమైన శాసనము, ఇట్టి విపత్తులందు విక్ లబ్ధిదారులు ఒప్పందము లేని సంస్థల సరకును సయితము కొనుటకు మార్గము తెరచెను. జూలైలో మరియొక శాసనము ఆ సంవత్సరాంతమువరకు సుంకములను తొలగించెను.

అనంతరపరిణామములు

2022 డిసెంబరులో చేయబడిన శాసనము, ఉత్పత్తికి అంతరాయము కలిగినచో సంస్థలు ప్రభుత్వమునకు తెలుపవలెనని విధించి, ఎఫ్.డి.ఏ.లో అత్యవసరాహారములకై ఒక విభాగమును నెలకొల్పెను. తాత్కాలికానుమతి పొందిన విదేశీయసంస్థలకు శాశ్వతానుమతి సంపాదించుకొనుటకై 2025 అక్టోబరువరకు గడువీయబడెను. 2024 మొదలు క్రోనోబాక్టర్ శిశువ్యాధి దేశమంతట నమోదుచేయదగిన వ్యాధుల జాబితాలో చేరెను.

కేంద్రీకరణము మాత్రము తగ్గలేదు. 2022 నవంబరులో నెస్లేకు చెందిన విస్కాన్సిన్ పాలపొడి కర్మాగారమును పెరిగో సంస్థ కొనెను. 2024 జూలైలో ఇండియానా రాష్ట్రపు మౌంట్ వెర్నన్‌నందు మీడ్ జాన్సన్ సరకు నిలువయున్న గిడ్డంగి సుడిగాలికి దెబ్బతినగా, కొన్ని రకముల లభ్యతకు మరల భంగము కలిగెను.

భారతదేశముతో పోలిక

భారతదేశమున ఈ విషయము భిన్నమార్గమున నడచినది. గేదెపాలు సమృద్ధిగా దొరకు ఈ దేశమునకు అనుగుణముగా, వానితో శిశ్వాహారము చేయు విధానమును మైసూరునందలి కేంద్ర ఆహారసాంకేతిక పరిశోధనసంస్థ రూపొందింపగా, గుజరాతునందలి ఆనంద్ సహకారసంఘము దానిని పరిశ్రమగా నిర్వహించి, దిగుమతులపై ఆధారపడుటను తగ్గించెను. 1992లో చేయబడి, 1993 ఆగస్టు 1న అమలులోనికి వచ్చి, 2003లో సవరింపబడిన శాసనము శిశుపాలపొడి, పాలసీసాల ప్రకటనలను నిషేధించినది. అమెరికా అంతర్జాతీయనియమావళిని శాసనముగా స్వీకరింపకుండుటతో పోల్చినచో, ఇది స్పష్టమైన భేదము.

ప్రాముఖ్యము

పాలపొడి విషయమున ప్రభుత్వమునకు రెండు ధర్మములు కలవు: బిడ్డ త్రాగు పాలు నిర్దోషముగా నుండుట, అవి ప్రతిదినము దొరకుట. 1980 శాసనము మొదలుగా అమెరికా మొదటి ధర్మమును శాసనబద్ధము చేసినది. రెండవదానిని విపణికి విడిచినది. 2022లో మొదటి ధర్మమును నెరవేర్చుటకై కర్మాగారమును ఆపవలసివచ్చినపుడు రెండవది భగ్నమయ్యెను. అనంతరము చేయబడిన సూచనలలో తయారీకేంద్రముల సంఖ్యను పెంచుట, ప్రత్యేకరకములను కొంత నిలువయుంచుట, విశ్వసనీయదేశముల ప్రమాణములను పరస్పరము గుర్తించుట, ప్రసవానంతరము జీతముతో కూడిన సెలవు నిచ్చుట ముఖ్యములు. వీనిలో ప్రతిదానికిని వ్యయము కలదు. ఏడాది నిండని బిడ్డకు ఒక్కపూట పాలు తప్పినపుడు కలుగు నష్టముతో ఆ వ్యయమును తూచి చూచుటయే ఈ కొరత విధాననిర్ణేతలకు మిగిల్చిన కర్తవ్యము.

చూడుము: క్షీరచూర్ణము, తల్లిపాలు, పోతపాలు, ప్రపంచ ఆరోగ్యసంస్థ, శిశుపోషణము, సహకారోద్యమము, పాలపరిశ్రమ.